నీడలో పెట్టిన సోలార్ వ్యాన్

ఆ రోజు భూగోళం మాస్టారు సెలవు పెట్టి చేద్దామనుకున్న పనులు పెద్ద గొప్పవేమీ కావు. మర్నాటి ప్రయాణానికి దుప్పట్లు మడతపెట్టాలి, వ్యాన్ కిటికీల కర్టెన్లు ఉతికి ఆరెయ్యాలి, భోజనం చేసి ఓ కునుకు తియ్యాలి. చివరిది తప్ప మిగతావన్నీ భార్య పురమాయించినవే.

ఆవిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడి, అప్పటికి చాలాసార్లు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది.

"వ్యాన్ జోలికి మాత్రం వెళ్ళకండి. సాయంత్రం తమ్ముడు ఆసుపత్రికొచ్చి నన్నెక్కించుకుంటాడు, ఇద్దరం కలిసే వస్తాం. వాడొచ్చి చూసేదాకా దాని తలుపు కూడా తియ్యకండి."

"మరి కర్టెన్లు తగిలించాలిగా?"

"రేపు తగిలిద్దాం."

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా, ఇన్నిసార్లు చెప్తున్నావు?"

"స్నానాలగదిలో లైటు వెలుగుతోంది చూడండి" అని మాత్రం అనేసి గేటు దాటింది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించిన మాట అదే. మాస్టారు గదిలోంచి బయటికొస్తే లైటు గదిలోనే ఉండిపోతుంది. ఫ్యాను ఆయన వెళ్ళాక కూడా ఖాళీ కుర్చీకి గాలి కొడుతూ ఉంటుంది. ఆవిడ ఆయన వెనకే తిరుగుతూ ఆర్పుకుంటూ వస్తుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారంటే ఒక్కసారి ఏదైనా ఆర్పడం మర్చిపోతుందేమోనని మాస్టారు కాచుకుని కూర్చున్నారు. ఆ అదృష్టం పట్టలేదు.

ఇక వ్యాన్ సంగతి. అది పాత తెల్ల వ్యాన్. లోపల మంచాలు, చిన్న వంట గట్టు, ఒక బుల్లి ఫ్రిజ్ ఉన్నాయి. కొన్నప్పుడు దానికున్న పాత బ్యాటరీ మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి గానీ, పని చెయ్యమంటే రెండో రోజుకే చేతులెత్తేసేది. మాస్టారి భార్య దాన్ని పీకి పారేయించి, కొత్త లిథియం బ్యాటరీ తెప్పించింది. ఆసుపత్రి నుంచి వచ్చి, చీర కుచ్చిళ్ళు బిగించి, నెలల తరబడి ఆ వ్యాన్‌లోనే దూరింది. తీగలు తనే కొలిచింది, తనే కోసింది, తనే బిగించింది. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పరిచింది. బ్యాటరీలో ఎంత కరెంటు మిగిలిందో నూటికి ఇంత అని చూపించే గుండ్రటి మీటరు తలుపు పక్కన పెట్టింది. అది దాచుకున్న లెక్కలు, దాని దగ్గర నిలబడితే ఫోనులోనూ చూడొచ్చు.

ఇదంతా ఎవరి కోసమంటే వాళ్ళమ్మ కోసం. వీళ్ళ దగ్గరే ఉంటున్న ఆ పెద్దావిడకి షుగరు. ఇన్సులిన్ ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉండాలి. అందుకని ఏళ్ళ తరబడి ఆవిడ ఒక రాత్రి కూడా ఇల్లు కదల్లేదు. సముద్రం చూడాలని మాత్రం ఆవిడకి చచ్చేంత కోరిక. వ్యాన్‌లో ఫ్రిజ్ ఆగకుండా నడిస్తే ఆ కోరిక తీరుతుంది. ఆగితే లేదు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ తమ్ముడి దగ్గర వచ్చింది. అతను ఇంజనీరు. పెద్ద పెద్ద భవంతుల మీద సోలార్ పెట్టించడమే అతని వృత్తి. అక్క చేసిన పని ఫోటోల్లో చూసి పెదవి విరిచాడు. "అక్కా, ఒకటి, ఈ బ్యాటరీలు పెట్టె మీద రాసినంత పట్టవు. రెండు, ఆ పైకప్పు మీద నువ్వు పెట్టిన ప్యానెళ్ళు దాన్ని రెండు రోజులకైనా నింపలేవు. అమ్మ మందులతో ఆటలొద్దు. వ్యాన్ నా వర్క్‌షాప్‌కి పంపించు, మా వాళ్ళు అంతా విప్పేసి మళ్ళీ బిగిస్తారు. వచ్చే ఏడాది వెళ్దురుగాని" అన్నాడు. పెద్దావిడ కొడుకు మాట కాదనలేకపోయారు. "వాడు సరేనంటేనే నేనెక్కుతాను" అన్నారు. ఆ సరేనో కాదో తేల్చడానికే ఇవాళ సాయంత్రం అతను వస్తున్నది.

మాస్టారికైతే ఏ సందేహమూ లేదు. భార్య చేసిన పని తలుచుకుంటే ఆయన ఛాతీ చొక్కాలో పట్టేది కాదు. మంగలికి చెప్పారు, పాలవాడికి చెప్పారు, తరగతిలో పవనాల పాఠం ఆపి మరీ చెప్పారు. పళ్ళ డాక్టరు నోట్లో పనిముట్లు పెట్టినా ఆగకుండా చెప్పబోయారు. ఆయన చెవిన వేసిన మాట వీధి చివరికి చేరడానికి పూట కూడా పట్టదని భార్యకి తెలుసు. అందుకే ఆయనకి ఏ విషయం ఎంతవరకు చెప్పాలో ఆవిడ లెక్క ఆవిడకుంది.

దుప్పట్లు సగం మడతపడేసరికి గోడ అవతల నుంచి హోల్డాన్ గారు పలకరించారు. ఈయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో ఎవరి బండి వెనక్కి మళ్ళుతున్నా తిండి మధ్యలో లేచొచ్చి, దాని వెనక నిలబడి, "రైట్... రైట్... రైట్... హోల్డాన్!" అని అరవకపోతే ఆయనకి తోచదు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

"ఏం మాస్టారూ, రేపేగా ప్రయాణం? అమ్మాయి బిగించిన ఆ కరెంటు పెట్టె చూపిస్తానన్నారు, ఇంకెప్పుడు?"

జోలికి వెళ్ళొద్దని భార్య చెప్పిన మాట మాస్టారికి గుర్తు రాకపోలేదు. కానీ జోలికి వెళ్ళడం వేరు, చూపించడం వేరు అని తనకు తాను నచ్చజెప్పుకున్నారు.

వ్యాన్ ఇంటి పక్కన రేకుల షెడ్డు కింద ఉంది. మాస్టారు తలుపు లాగి, లోపలికి చెయ్యి చూపించి, "ఇదిగో బాబాయిగారూ, మా ఆవిడ..." అంటూ మొదలుపెట్టి అక్కడే ఆగిపోయారు.

లోపల పట్టపగలు దీపాలన్నీ వెలుగుతున్నాయి. పైనున్న ఫ్యానూ, గట్టు మీదున్న ఫ్యానూ ఎదురెదురుగా తిరుగుతున్నాయి. ఖాళీ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, అది రొప్పుతోంది. తలుపు పక్కన మీటరు పదకొండు చూపిస్తోంది.

"నూటికి పదకొండా?" అన్నారు హోల్డాన్ గారు.

ఆ క్షణంలో మాస్టారి మనసు మరెక్కడో ఉంది. రాత్రి చివరగా వ్యాన్‌లోంచి వచ్చింది ఆవిడే. అంటే ఆర్పడం మర్చిపోయింది! దీపాలు మర్చిపోయింది, ఫ్యాన్లు మర్చిపోయింది, ఫ్రిజ్ తలుపు కూడా మర్చిపోయింది! పైగా ఎండతో నడిచే బండిని తీసుకెళ్ళి రేకుల నీడలో పెట్టింది! ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారిగా తీరినట్టయి, మాస్టారికి అక్కడే నాలుగడుగులు గంతులు వెయ్యాలనిపించింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం బావమరిది వస్తాడు. పదకొండు చూస్తాడు. "చెప్పానా అక్కా" అంటాడు. ఆ మాటకి ఆవిడ ముఖం ఎలా ఉంటుందో మాస్టారి కళ్ళకి కట్టింది. పాపం, డ్యూటీ చేసొచ్చి ఇన్ని నెలలు ఒళ్ళు హూనం చేసుకుంది. అలిసిపోయి ఒక్కరాత్రి మర్చిపోతే అది తప్పా?

"బాబాయిగారూ, ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలి" అంటూ ఒక్కొక్కటీ ఆర్పేశారు. జీవితంలో అన్ని స్విచ్చులు ఆయన వరసగా ఆర్పడం అదే మొదటిసారి. "సాయంత్రం లోపల దీన్ని నింపేద్దాం. ఆవిడక్కూడా చెప్పను. ఈ జన్మలో చెప్పను."

"దానికేముంది, ఇంట్లోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టేద్దాం."

"పాత చార్జర్ పీకేసింది. కొత్తది ఇంకా రాలేదు."

"పోనీ ఇంజను స్టార్టు చేసి ఉంచితే?"

"ఇంజను నుంచి వచ్చే తీగ వచ్చే వారం కలుపుతానంది."

హోల్డాన్ గారు తల పైకెత్తి రేకుల వైపు చూశారు. "అయితే ఇక సూర్యుడే దిక్కు. పదండి, బండి బయటికి తియ్యండి" అంటూ వ్యాన్ వెనక్కి పరుగెత్తారు.

"రైట్... రైట్... రైట్... హోల్డాన్!"

షెడ్డు దాటింది, గేటు దాటింది, వ్యాన్ వీధిలో పడింది. ఎండ మాత్రం పడలేదు. భూమి చుట్టూ సూర్యకిరణాలు ఎలా పడతాయో ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసి చూపించిన మాస్టారికి, తన వీధిలో పొద్దున ఎండ ఏ మేడకి తగిలి ఆగిపోతుందో ఆ రోజే తెలిసింది. వీధి మొత్తం మీద బేకరీ ముందు మాత్రం చాపంత ఎండ ఉంది. వ్యాన్‌ని తీసుకెళ్ళి అందులో నిలబెట్టారు. మీటరు పదకొండు నుంచి పన్నెండుకొచ్చింది. పదమూడు అవుతుండగా ఎదురు మేడ నీడ నెమ్మదిగా వచ్చి పైకప్పు మీద కూర్చుంది.

"అల్లుడుగారూ, ప్రయాణం రేపనుకున్నానే!" అని వెనక నుంచి వినిపించింది.

మాస్టారు ఉలిక్కిపడి తిరిగి చూశారు. వెనక మంచం మీద అత్తగారు మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వీళ్ళిద్దరూ ముందు నిలబడి మంతనాలాడుతున్నప్పుడు, ఎక్కడ కూర్చుంటే కిటికీ బాగుంటుందో చూసుకుందామని ఆవిడ వెనక తలుపులోంచి ఎక్కారట.

"రేపే అత్తయ్యా. ఇవాళ... ఇది ఊరికే... బండి నడుస్తుందో లేదో చూస్తున్నాం" అని మాస్టారు నీళ్ళు నమిలారు.

"నడుస్తోంది నాయనా, హాయిగా నడుస్తోంది. ఇంకాస్త దూరం పోనియ్యి."

తర్వాత బ్యాంకు ముందు మంచి ఎండ కనిపించింది. ఆగీ ఆగగానే సెక్యూరిటీ గార్డు కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఇక్కడ ఆపకూడదు, తీసెయ్యండి."

"ఒక్క పావుగంట బాబూ. ఇది మామూలు బండి కాదు. దీనికి కరెంటంతా ఎండ నుంచే వస్తుంది. మొత్తం మా ఆవిడే బిగించింది, ఒక్క చేత్తో" అని మాస్టారు మొదలుపెట్టారు. గార్డు మొదట విసుక్కున్నాడు, తర్వాత కర్ర చంకలో పెట్టుకున్నాడు, ఆ తర్వాత లోపలికి తొంగిచూశాడు. మీటరు ఇరవై దాటేదాకా మాస్టారు చెబుతూనే ఉన్నారు. ఈలోగా వెనక కార్లన్నీ హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. బ్యాంకు మేనేజరు బయటికొచ్చేసరికి గార్డుకి తన ఉద్యోగం గుర్తొచ్చింది.

"ఇలా చాపంత చాపంత ఎండలతో పని జరగదు మాస్టారూ" అన్నారు హోల్డాన్ గారు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడన్నది పడని జాగా ఒకటే ఉంది ఈ ఊళ్ళో. ఆసుపత్రి వెనక పార్కింగు. సీట్లు కాలిపోతాయని అక్కడ ఎవరూ కార్లు పెట్టరు."

"ఆసుపత్రా! మా ఆవిడ అక్కడే కదా పనిచేసేది!"

"ల్యాబు ముందువైపు. ఆవిడ వెనక్కెందుకొస్తారు?"

ఆ తర్కంలో మాస్టారికి తప్పేమీ కనిపించలేదు.

నిజంగానే అది అద్భుతమైన ఎండ. చెట్టు లేదు, మేడ లేదు, మేఘం లేదు. మాస్టారు నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కి, తువ్వాలు తడిపి ప్యానెళ్ళ మీద దుమ్మంతా తుడిచారు. పడుకోబెట్టిన ప్యానెల్ కంటే సూర్యుడికి ఎదురుగా వాల్చిన ప్యానెల్ ఎక్కువ ఎండ పడుతుందని పాఠంలో ఉంది. ఒకదానికి మరలు వదులు చేసి, ఒక అంచు పైకెత్తి, ఎత్తిన అంచు తన మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడు జరిగినప్పుడల్లా ఆయనా జరిగారు. నెత్తి మాడిపోతున్నా, మీటరు అంకె హోల్డాన్ గారు కింద నుంచి అరుస్తుంటే మాస్టారికి చల్లగా ఉంది.

"నలభై!... రైట్ రైట్!"

కింద అత్తగారి ఫోను మోగింది. "అమ్మా, అంతా బానే ఉందా? వ్యాన్ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదుగా?" అని కూతురు అడిగింది. తను కూర్చున్నదే వ్యాన్‌లో కాబట్టి, వెళ్ళలేదని అనడం పెద్దావిడకి సబబుగా అనిపించలేదు.

"వ్యాన్ బ్రహ్మాండంగా ఉందే. లోపల గాలి ఎంత బాగా వస్తోందనుకున్నావ్!"

ఆ గాలి తెరిచిన కిటికీల్లోంచి వస్తున్న సంగతి కూతురికి తెలియదు. "ఫ్యాన్లు తిరుగుతున్నాయన్నమాట. సరే అమ్మా" అని సంతోషంగా పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనం వేళకి పెద్దావిడ అలవాటు ప్రకారం సంచీలోంచి చిన్న మిషను తీసి, వేలు గుచ్చుకుని షుగరు చూసుకున్నారు. ఆసుపత్రి వెనక, తెల్ల వ్యాన్‌లో, తలుపు తెరుచుకుని, ఒక పెద్దావిడ వేలు చివర రక్తపు చుక్క తీస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అటుగా వెళ్తున్న ఒకాయన ఆగాడు.

"ఇక్కడ షుగరు చూస్తారా అమ్మా?"

"చూసుకుంటున్నా నాయనా" అన్నారు ఆవిడ, తన సంగతి చెబుతూ.

ఆయన నిలబడిపోయాడు. ఆయన వెనక ఇంకొకావిడ. ఆవిడ వెనక, ఇదేం వరసో తెలియకపోయినా నిలబడితే నష్టం లేదనుకున్న మరో నలుగురు. మనుషులు గుంపుగా నిలబడితే ఊరుకునే రక్తం హోల్డాన్ గారిది కాదు. "తోసుకోకండి, అందరికీ చోటుంది! ముందువాళ్ళు ముందు! ఆడవాళ్ళు ఇటు, మగవాళ్ళు అటు!" అని చేతులు చాచి రెండు చక్కటి వరసలు చేశారు. వరసలు అంత పద్ధతిగా కనిపించేసరికి జనానికి నమ్మకం కుదిరింది. ఇంకొందరు వచ్చి చేరారు. ఒకాయన చొక్కా చెయ్యి మడిచి సిద్ధంగా కూడా ఉన్నాడు.

పైన కూర్చున్న మాస్టారికి ఇవేమీ తెలియవు. ఆయనకి వినిపిస్తున్నది అంకెలే. "డెబ్భై!" అని వినిపించాక కాస్త కునుకు కూడా పట్టింది. ప్యానెల్ మోకాళ్ళ మీదే ఉంది గానీ, ఆ రోజు పెట్టుకున్న పనుల్లో అదొక్కటే అనుకున్నట్టు జరిగింది.

వరసలో చివరివాళ్ళు విసిగిపోయి లోపల ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి నిలదీశారు. రక్తపరీక్షల వ్యాన్ పెట్టి అందులో ఒక ముసలావిణ్ణి తప్ప ఎవరినీ పెట్టకపోతే ఎలాగని. తను అలాంటి వ్యాన్ పెట్టించినట్టు సూపరింటెండెంటుకి గుర్తులేదు. కానీ జనం ముందు ఆ మాట అనడానికి మనస్కరించలేదు. వెంటనే ల్యాబుకి ఫోను చేశాడు. "వెనక మన వ్యాన్ దగ్గరికి అనుభవం ఉన్న మనిషి ఒకరు కావాలి, పంపించండి."

ల్యాబులో అనుభవం ఉన్న మనిషి అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆవిడ గాజుగొట్టాల ట్రే పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటికొచ్చింది. వ్యాన్ చూసింది. తమ వ్యాన్ లాగే ఉందే అనుకుంది. తలుపు దగ్గర వాళ్ళమ్మని చూసింది. వరస సరిచేస్తున్న పక్కింటాయన్ని చూసింది. చివరికి తల పైకెత్తి, ప్యానెల్ ఒళ్ళో పెట్టుకుని, నెత్తిన తడి తువ్వాలుతో నిద్రపోతున్న భర్తని చూసింది.

"ఏమండీ!"

మాస్టారు ఎంతగానో ఉలిక్కిపడ్డారు. అయినా ప్యానెల్ జారలేదంటే అది ఆవిడ పెట్టిన తక్కిన మరల గట్టితనమే. గబగబా నిచ్చెన దిగొచ్చారు. దిగుతూనే ముఖం నిండా నవ్వు పులుముకుని, ఆవిడని పక్కకి లాగి గుసగుసగా, "నువ్వేం కంగారు పడకు. నేను చూసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. మనిషన్నాక మర్చిపోతాం" అన్నారు.

"ఏం మర్చిపోయాను?"

"దీపాలు. ఫ్యాన్లు. ఫ్రిజ్ తలుపు. రాత్రంతా వెలిగాయి. పదకొండుకొచ్చేసింది, పొద్దున నేను చూడబట్టి సరిపోయింది. ఇప్పుడెంతో తెలుసా?" అని ఆవిడ భుజం పట్టుకుని మీటరు వైపు తిప్పారు. "వంద! నిండా వంద!"

ఆవిడ వంద వైపు చూసింది.

"అది పరీక్షండీ" అంది నెమ్మదిగా. "నేనే అన్నీ వేసి పెట్టాను. కావాలనే నీడలో పెట్టాను, ఎండ తగిలితే మీటరు ఖాళీ అయ్యే లెక్క చెరిపేసి కొత్తది మొదలెడుతుందని. ఆఖరి చుక్క దాకా ఖాళీ చేసి, బ్యాటరీ లోంచి మొత్తం ఎంత వచ్చిందో కొలిచి, సాయంత్రం వాడి ముందు పెట్టి, వాడి చార్జరే అడిగి రాత్రికి నింపుకుందామనుకున్నాను. మీకు చెబితే వీధంతా చెబుతారు, వాడి చెవిన పడితే వాడు ఇంకేదో వంక పెడతాడని చెప్పలేదు. ఇంకో గంటా రెండు గంటల్లో అయిపోయేది."

మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పొద్దున్నుంచి తను ఆర్పిన ఒక్కొక్క స్విచ్చూ కళ్ళ ముందు తిరిగింది. భార్యని తలెత్తుకునేలా చేద్దామని ఎండలో మాడి, ఆవిడ నెలల కష్టాన్ని తన చేతులతోనే తుడిచిపెట్టారు. అత్తగారి సముద్రం కూడా అందులోనే పోయింది.

సరిగ్గా అప్పుడే, అక్కని ఎక్కించుకుందామని వచ్చిన తమ్ముడి కారు పార్కింగులోకి తిరిగింది. హోల్డాన్ గారు వదల్లేదు. "రైట్... రైట్... హోల్డాన్!" అని దాన్ని కూడా వరస చివర ఆపించారు.

సంగతంతా విని అతను నవ్వాపుకోలేకపోయాడు. "పోన్లే అక్కా, బావ మంచికే చేశారు. అయితే పరీక్ష జరగలేదు, అంతేగా? రుజువు లేదు కదా. రేపు పొద్దున మా వాళ్ళొచ్చి వ్యాన్ తీసుకెళ్తారు" అన్నాడు. పెద్దావిడ మందుల సంచీ మూతి బిగించుకున్నారు.

అక్క ట్రే గట్టు మీద పెట్టి, ఫోను తీసి, మీటరు పొద్దున్నుంచి దాచుకున్న లెక్కంతా తెరిచి చూస్తోంది. చూస్తూ చూస్తూ భర్త వైపు తిరిగింది.

"ఎక్కడైనా ప్లగ్గు పెట్టారా?"

"చార్జర్ లేదుగా" అన్నారు మాస్టారు. "ఇంజను తీగా కలపలేదన్నావుగా. ఎండ ఒక్కటే. పొద్దున్నుంచీ ఎండ వెంటే తిరిగాం."

ఆవిడ పెదవుల చివర ఏదో కదిలింది. ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది. "ఒరే, నీళ్ళ డ్రమ్ములో ఎన్ని బిందెలు పడతాయో తెలియాలంటే ఏం చేస్తాం? ఖాళీ చేస్తూ లెక్కపెడతాం. లేదా?"

అతను అనుమానంగా, "లేదా... నింపుతూ లెక్కపెడతాం" అన్నాడు.

"నింపారు మీ బావ. పదకొండు నుంచి వంద దాకా. లోపలికి ఎంత వెళ్ళిందో చుక్క పొల్లుపోకుండా అందులో ఉంది. చూడు. నేను చెబితే నమ్మవు, నువ్వే కట్టు లెక్క."

అతను కట్టాడు. నమ్మలేక మళ్ళీ కట్టాడు. పెట్టె మీద రాసిన దానికి తక్కువ పట్టదు సరికదా, కాస్త ఎక్కువే పడుతోంది. ఆ లెక్క మూసెయ్యబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు, ఇంకోటుంది. రెండు రోజులకైనా నిండదన్నావు కదా? ఇది పొద్దున. ఇది ఇప్పుడు. మధ్యలో రాత్రెక్కడైనా కనిపిస్తోందా నీకు?"

దాన్ని రుజువు చెయ్యాలని ఆవిడ అనుకోను కూడా లేదు. ఒక్క రోజులో ఆ పని కాదని వదిలేసింది. ఆ పనే మాస్టారు ఎవరూ అడక్కుండా చేసి కూర్చున్నారు.

తమ్ముడు చాలాసేపు తల గోక్కున్నాడు. "అది కాదక్కా, ప్యానెల్ ఒళ్ళో పెట్టుకుని సూర్యుడితో పాటు తిరిగే మనిషి ఉంటే నిండదా మరి! అలాంటి మనిషి రోజూ ఎక్కడ దొరుకుతాడు?"

"నాకు దొరికాడుగా" అంది అక్క.

"ఇక చాల్లేరా" అన్నారు వ్యాన్ లోంచి పెద్దావిడ. "పొద్దున్నుంచి ఇందులోనే తిరుగుతున్నాను. నాకేం కాలేదు. ఇన్సులిన్ సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టు. ఆ కిటికీ పక్క సీటు నాది, ఎవరూ ఆశ పెట్టుకోకండి."

తమ్ముడు వంగి బ్యాటరీ దగ్గర అక్క బిగించిన తీగలు మొదటిసారి దగ్గరగా చూశాడు. ఒక్కో తీగనీ పట్టి లాగి చూశాడు. ఏదీ కదల్లేదు. "మా వాళ్ళ పని కూడా ఇంత శుభ్రంగా ఉండదక్కా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎంత కాచుకుని ఉందో అప్పుడు ఆవిడ కళ్ళు చూసినవాళ్ళకి తెలిసింది. ఆ కళ్ళు చూస్తూ మాస్టారు తువ్వాలుతో తన కళ్ళు తుడుచుకున్నారు. ఎండకి చెమట పట్టిందన్నారు.

ఈలోగా సూపరింటెండెంటే స్వయంగా బయటికొచ్చాడు. వరసలు చూసి, వ్యాన్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఆవిడ దగ్గరికి వచ్చి చిన్నగా అడిగాడు. "ఇంతకీ ఈ వ్యాన్ ఎవరిదమ్మా?"

అక్కడ ల్యాబు వాళ్ళున్నారు, నర్సులున్నారు, వరసలో నిలబడ్డ జనం ఉన్నారు. ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకునే పని భర్తకే వదిలేసిన ఆవిడ, ఆ రోజు అందరికీ వినిపించేలా చెప్పింది.

"మాదే సార్. కరెంటు నేను బిగించాను. ఎండ మా ఆయన తెచ్చారు."

మర్నాడు తెల్లారగానే వ్యాన్ సముద్రం దారి పట్టింది. ఆసుపత్రి వెనక పార్కింగులో మాత్రం దాని కోసం అప్పటికే నలుగురు వరసలో నిలబడి ఉన్నారు.